పళ్ళ మేస్త్రి పై అర

పళ్ళ మేస్త్రికి మనుషుల ముఖాలు గుర్తుండవు. నోళ్ళు గుర్తుంటాయి. వీధిలో ఎవరైనా పలకరిస్తే అయోమయంగా చూస్తాడు, వాళ్ళు నవ్వితే గానీ పోల్చుకోడు. పోల్చుకోగానే, కింది వరస ఇంకా ఒరుసుకుంటోందా అని నలుగురిలో అడిగేస్తాడు. అందుకని ఊళ్ళో పెద్దమనుషులు చాలామంది అతను ఎదురైతే మూతి బిగించుకుని పక్కకు తప్పుకుంటారు. దాన్ని అతను గౌరవం అనుకుంటాడు, పాపం.

డాక్టర్లు పళ్ళు పీకుతారు. పీకిన చోట కట్టేది ఇతను. దుకాణం ముందుగదిలో ఒక ఎత్తు కుర్చీ, ఒక చేతి అద్దం, పేర్లు రాసుకునే బల్ల ఉంటాయి. అసలు పనంతా వెనకగదిలో. మైనం కరిగించే స్పిరిట్ దీపం, నీళ్ళు మరిగే గిన్నె, సానబట్టే మోటారు, అన్నిటి మీదా పిండిలా తెల్లటి దుమ్ము. గోడకు మూడు అరలు. కింది అరలో పని మిగిలినవాళ్ళు ఉంటారు, అంటే వాళ్ళ దవడలకు ప్లాస్టరుతో పోసిన అచ్చులు, ఒక్కోదాని అడుగున పెన్సిలుతో పేరు. మధ్య అరలో పని ముగిసి పళ్ళు పట్టుకెళ్ళినవాళ్ళు. పై అరలో చనిపోయినవాళ్ళు. ఎవరైనా పోయారని కబురొస్తే మేస్త్రి స్టూలెక్కి ఆ మనిషి అచ్చును మధ్య అరలోంచి తీసి పై అరలో పెట్టేవాడు. పారేయొచ్చు కదా అంటే, చోటుంది కదా అనేవాడు.

పై అరలో గోడ మూలకు అతని భార్య అచ్చు ఉంది. ఆ సంగతి చెప్పకుండా మేస్త్రి కథ ముందుకు నడవదు. పెళ్ళైన పదిహేనో ఏట ఒకరోజు ఆవిడ అతను పళ్ళు కట్టడానికి వాడే పౌడరు సీసా మూత ఎంతకీ రాకపోతే పంటితో పట్టి లాగింది. మూతా వచ్చింది, పన్నూ వచ్చింది. పై వరసలో ముందు పళ్ళు రెంటికీ ఎడమ పక్కది. పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు గానీ, పళ్ళు కట్టే మొగుడి సీసాతో ఊడగొట్టుకున్న ఇల్లాలు ఇంకొకరు ఉండరు. పైగా ఆ మూత అంత గట్టిగా బిగించింది అతనే. దానికేముంది, రెండు గంటల పని, రేపు పెట్టేస్తాను అన్నాడు. మాట మీద నిలబడేవాడిలా ఆ రోజే అచ్చు కూడా తీశాడు. ఆ రేపు పదకొండేళ్ళు నడిచింది.

పెరటి చెట్టు మందుకు పనికిరాదు కదా. ఆవిడ ముందుగదిలో బల్ల దగ్గర కూర్చుని వచ్చేవాళ్ళ పేర్లు రాసుకునేది. పళ్ళు కట్టించుకుందామని వచ్చినవాళ్ళు ఆవిడ నవ్వు చూసి గుమ్మంలోనే ఆగిపోయేవారు. భయపడకండి, ఇది ఇంటి సరుకు, మీకిచ్చేది వేరే ఉంటుంది అని ధైర్యం చెప్పి కూర్చోబెట్టేది. ఏదైనా ఆలోచిస్తుంటే నాలుక కొసని ఆ ఖాళీలో ఆనించుకునేది. చర్చిలో పాడేటప్పుడు మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. ఆదివారం ఇంటికొస్తూ, "రేపేనా?" అనేది. "రేపే" అనేవాడు. నమ్మినట్టు తలూపేది తప్ప ఒక్కనాడు విసుక్కోలేదు.

మూడేళ్ళ కిందట ఒక ఉదయం పదకొండింటికి, బల్ల దగ్గర ఎవరి పేరో రాసుకుంటూ ఉండగా ఆవిడ గుండె ఆగిపోయింది. పేరు సగమే రాసి ఉంది. సమాధి చేసిన మూడో రోజున మేస్త్రి పనిగదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఆ పన్ను తయారుచేశాడు. రెండు గంటల పది నిమిషాలు పట్టింది. దాన్ని ఖాళీ మాత్రల డబ్బీలో పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. తర్వాత చొక్కాలు మారాయి గానీ డబ్బీ జేబు దిగలేదు. రేపు అన్న మాట కూడా అతని నోట మళ్ళీ రాలేదు. గిరాకీలు ఎప్పుడు రమ్మంటారని అడిగితే గురువారం అనో పదహారో తారీకు అనో చెప్పేవాడు.

దేవుడితో అతనికి పేచీ అక్కడ మొదలైంది. చర్చి మానలేదు. మానితే బావమరిది వచ్చి కూర్చుని బోధిస్తాడు, అది ఇంకా కష్టం. వెనక బెంచీలో తలుపు పక్కన కూర్చునేవాడు, పాటలప్పుడు పెదవి కదిపేవాడు కాదు. సమాధి దగ్గర పాస్టరుగారు మళ్ళీ కలుస్తామన్న నిరీక్షణ మనకు ఉంది అన్నారు. ఆ మాట గుర్తొస్తేనే అతనికి ఒళ్ళు మండేది. పదకొండేళ్ళు రేపు రేపు అని నడిపించినవాడికి నిరీక్షణ సంగతి ఒకరు చెప్పాలా? పని చేయనివాడు గిరాకీని గుమ్మం దాటించడానికి చెప్పే మాటే అది అని అతను ఖాయం చేసుకున్నాడు.

పేచీ పెట్టుకున్నాక కసి తీర్చుకోవాలి కదా. దేవుడు చేతికి దొరకడు. పాస్టరుగారు దొరికారు. ఆ ఏడే ఆయన పై వరస కట్టించుకున్నారు. పళ్ళు దివ్యంగా కుదిరాయి, ఒక్కటే లోపం, స అక్షరం పలికితే సన్నగా ఈల వచ్చేది. ముందు పళ్ళ వెనక కాస్త గీకితే పోతుంది, ఐదు నిమిషాల పని. మేస్త్రి గీకలేదు. ప్రసంగంలో స్తోత్రం అంటే ఒక ఈల, సమస్త సృష్టి అంటే వరసగా మూడు. పిల్లలు బెంచీల కింద దూరి నవ్వేవారు. వెనక బెంచీలో మేస్త్రి కళ్ళు మూసుకుని ఒక్కో ఈలనూ శ్రద్ధగా వినేవాడు. చూసినవాళ్ళు ప్రార్థనలో ఉన్నాడనుకునేవారు.

ఇలా సాగుతుండగా ఒక సోమవారం పొద్దున అత్తగారు దుకాణానికి వచ్చింది. భార్య కన్నతల్లి, ఎనభై మూడేళ్ళ మనిషి, రెండు వీధుల అవతల కొడుకూ కోడలి దగ్గర ఉంటుంది. నలభై ఏళ్ళు నర్సుగా చేసినది కనక, డాక్టరు దాచబోయిన మాటను ఆయన చేతే కక్కించి వచ్చింది. కడుపులో ఏదో పెరుగుతోంది, ఈ వయసులో కోయడం కుదరదు, ఉంటే మూడు నెలలు. ఈ సంగతి ఎండ బాగా కాస్తోందన్నంత తేలిగ్గా చెప్పి, కాబట్టి నాకు కొత్త పళ్ళు కట్టండి అంది.

ఆవిడ పాత పళ్ళు కూడా మేస్త్రి కట్టినవే, పంతొమ్మిదేళ్ళ నాటివి. దవడ అరిగి, అవి వదులై, చర్చిలో ఆవిడ ఆమేన్ అన్నాక ఒక్క క్షణం ఆగి అవి విడిగా ఆమేన్ అనేవి. అదీ నిజమే. కానీ తోడొచ్చిన కోడలు గుమ్మంలోనే తల పట్టుకుంది. తినేది జావ, ఉండేది మూడు నెలలు, ఈ నొప్పుల్లో కుర్చీ ఎక్కి దిగడం దేనికని ఆవిడ బాధ. తప్పు మాట కాదు. అత్తగారు పాత సెట్టు తీసి రుమాల్లో చుట్టి, బోసినోటితో తీర్పు చెప్పింది.

"ఎవరింటికైనా వెళ్తే శుభ్రంగా తయారై వెళ్తామా లేదా? నేను వెళ్ళేది ప్రభువు దగ్గరికి. పళ్ళు చేతికి రాగానే బయల్దేరతాను."

చివరి ముక్క సరదాకి అంది. మేస్త్రి మాత్రం దాన్నే పట్టుకున్నాడు.

ఆవిడంటే అతనికి ప్రాణం. అతని భార్యను గుర్తుచేసే నవ్వు ఇక ఆవిడ దగ్గరే మిగిలింది. పళ్ళు వస్తే వెళ్ళిపోతుందట కదా, రాకపోతే? చదువుకున్నవాడెవడూ ఇలా ఆలోచించడు గానీ, దుఃఖంలో ఉన్నవాడికి తర్కం పక్కింటి చుట్టం లాంటిది, పిలిస్తే గానీ రాదు. మేస్త్రి నాన్చడం మొదలుపెట్టాడు. మొదటి వారం ప్లాస్టరు చెమ్మగిల్లిందన్నాడు. రెండో వారం అచ్చు బీటలిచ్చిందని మళ్ళీ తీశాడు. మూడో వారం పళ్ళ రంగు కుదరలేదని ఒకటే తెలుపులో ఆరు తేడాలు ఆవిడకు చూపించాడు. ప్రతి సోమవారం ఆవిడ కోడలి భుజం పట్టుకుని వచ్చేది. వచ్చిన ప్రతిసారీ కుర్చీలో ఇంకొంచెం చిన్నగా కనిపించేది.

అచ్చు ముద్ద నోట్లో ఉన్న నాలుగు నిమిషాలు తప్ప మిగతా సేపంతా ఆవిడదే రాజ్యం. ఒకసారి పాస్టరుగారి ఈల మాటెత్తింది. అది కావాలనే ఉంచారు కదా అంది. మేస్త్రి మోటారు చప్పుడులో వినబడనట్టు నటించాడు. మోటారు ఆగేదాకా ఆవిడ ఓపిగ్గా కూర్చుని, మళ్ళీ మొదటినుంచీ అడిగింది. అతను ఒప్పుకున్నాక కోప్పడలేదు. తన సమాధి అయ్యేవరకు దాన్ని తీయొద్దని మాట తీసుకుంది. ఏడ్చేవాళ్ళకు మధ్యలో కాస్త ఊపిరాడాలి కదా అని ఆవిడ వాదన.

ఏడో సోమవారం ఆవిడ రాలేకపోయింది. కోడలొక్కతే వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడి చెప్పింది.

"మీరు నాన్చుతున్నారు అన్నయ్యా. ఎందుకో నేనడగను. కానీ ఆవిడ పళ్ళు రాకుండానే పోతే, మళ్ళీ మీరే కుమిలిపోతారు. ఇప్పటికే ఒకసారి చూశాం మిమ్మల్ని."

ఆ మాట సూటిగా తగిలింది. మేస్త్రి ఆ మధ్యాహ్నమే దీపం వెలిగించి, మైనం మెత్తబరిచి, అత్తగారి అచ్చు మీద పై వరస పళ్ళు ఒక్కొక్కటే గుచ్చాడు. గట్టిది పోసే ముందు ఇలా మైనంలో నిలబెట్టి నోట్లో పెట్టి చూడటం ఆ పనిలో పద్ధతి. తల ఎత్తకుండా చేశాడు. చేతులు ఎప్పుడూ లేనంత చకచకా నడిచాయి. మర్నాడు ఉదయం దాన్ని తడిగుడ్డలో చుట్టుకుని ఆవిడ ఇంటికి వెళ్ళాడు.

అత్తగారు దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. మైనం పళ్ళు నోట్లో పెట్టుకుని, చేతి అద్దం తీసుకుని నవ్వింది. నవ్వు సగంలో ఉండగానే ఆవిడ నాలుక కొస పై వరసలోకి, ఎడమ పక్కకు వెళ్ళి అక్కడ ఆగింది.

"అల్లుడుగారూ, ఇక్కడ ఒకటి మర్చిపోయారు" అంది.

మేస్త్రి వంగి చూశాడు. ముందు పళ్ళు రెంటికీ ఎడమ పక్కన ఒక పన్నంత ఖాళీ. అరిగో జరిగో వచ్చింది కాదు, రెండు వైపులా కొలిచి వదిలినంత నీటుగా ఉంది. ముప్పై నాలుగేళ్ళలో అతను ఒక్క పన్ను లెక్క తప్పలేదు. తల్లీకూతుళ్ళ దవడ ఒకటే పోత. అతను ఆలోచించకపోయినా చేతులు తమకు బాగా తెలిసిన నవ్వునే కట్టుకుంటూ పోయాయి. ఆ ఖాళీలోంచి చనిపోయిన భార్య నవ్వు అత్తగారి ముఖంలో కనబడుతోంది. మేస్త్రి మంచం పక్కన కూలబడి ఏడ్చాడు. సమాధి నాడు కూడా అంత ఏడవలేదు.

అత్తగారు ఆపలేదు, ఓదార్చలేదు. కాసేపయ్యాక అతనే జేబులోంచి డబ్బీ తీసి చూపించి, దాని కథంతా చెప్పాడు. రెండు గంటల పది నిమిషాల సంగతి కూడా చెప్పాడు. నా మీద నమ్మకంతో ఆ పన్ను లేకుండానే పోయిందండీ, నేనిక ఎవరి రేపునీ నమ్మలేను, దేవుడిది కూడా అన్నాడు.

ఆవిడ మైనం పళ్ళు తీసి దుప్పటి మీద పెట్టింది. ఇరవై తొమ్మిదేళ్ళుగా అల్లుణ్ణి మీరు అనే పిలిచిన మనిషి, ఆ రోజు అలా పిలవలేదు.

"నువ్వు పదకొండేళ్ళు రేపన్నావు, నా కూతురు పదకొండేళ్ళూ నమ్మింది నాయనా. అది తెలివితక్కువది కాదు. నీ రేపును కాదు, నిన్ను నమ్మింది. ఆయన కూడా రేపే అన్నాడు నాతో. నేనూ ఆయన్నే నమ్ముతున్నా. నీకంటే మంచి పనివాడు, మాట తప్పడు."

మేస్త్రి ముక్కు తుడుచుకుని, మనసులో మూడేళ్ళుగా నలుగుతున్న ప్రశ్న అడిగేశాడు. మరి అక్కడ ఆమెకు ఆ ఖాళీ ఉంటుందా, ఉండదా?

"ప్రభువు సమాధిలోంచి లేచొచ్చి శిష్యులకు చేతులు చూపించాడా లేదా? నొప్పి పోయింది, గుర్తులు పోలేదు. అమ్మాయి పంటి ఖాళీ పూడుస్తాడో అలాగే ఉంచుతాడో నాకు తెలియదు. కానీ మనిషిని మార్చేసి, ఇదిగో నీ పెళ్ళాం అని ఎవరినో తెచ్చి నిలబెట్టడు. నీకు ముఖాలు గుర్తుండవని ఆయనకు తెలియదా ఏంటి?"

ఏడుస్తున్నవాడు ఏడుస్తూనే నవ్వాడు. ఆ అదను చూసి ఆవిడ డబ్బీలోని పన్ను తీసి, మైనం వరసలోని ఖాళీకి ఆనించి చూసింది. ఇది ఇక్కడ పెట్టెయ్ అంది. మేస్త్రికి వెంటనే వృత్తి ధర్మం అడ్డొచ్చింది. అది ముప్పై ఏళ్ళు చిన్నదాని పన్ను, మిగతా వాటికంటే తెల్లగా, రవ్వంత పెద్దగా ఉంది. రంగు కలవదు, నలుగురూ చూసి నవ్వుతారు, నా పనికి చెడ్డపేరు అని గొణిగాడు. నలుగురూ చూడాలనే కదా, అడిగితే చెప్పడానికి నాకో కథ ఉంటుంది అంది ఆవిడ. ఇన్నాళ్ళకు ఆవిడతో వాదన పెట్టుకున్నవాళ్ళలో గెలిచినవాళ్ళు లేరు, ఇతనూ గెలవలేదు.

గురువారానికి పళ్ళు చేతికిచ్చాడు. ఆదివారం ఆవిడ కొడుకు భుజం మీద బరువు వేసి చర్చికి వచ్చి, సాక్ష్యం చెబుతానని లేచి నిలబడింది. ముందు అందరికీ కనిపించేలా నవ్వింది. నిమ్మళంగా ఉన్న వరసలో ఒక్క పన్ను తళుక్కుమంది. ముందు బెంచీలవాళ్ళు ఒకరినొకరు పొడుచుకున్నారు.

"ఈ పన్ను మా అమ్మాయిది. మా అల్లుడు పదకొండేళ్ళు నాన్చి, మూడేళ్ళు జేబులో దాచి, ఇప్పుడు కట్టాడు. ఆలస్యమైంది గానీ పని శుభ్రంగా ఉంది. ప్రభువు పని కూడా అంతే, నాకేం తొందర లేదు" అని చెప్పి కూర్చుంది.

చర్చంతా గొల్లుమంది. పాస్టరుగారు కూడా నవ్వాపుకోలేక స్తోత్రం అన్నారు, దాంతో ఈల మోగి ఇంకో విడత నవ్వు లేచింది. వెనక బెంచీలో మేస్త్రికి ఆ రోజు కళ్ళు మూసుకోవాలనిపించలేదు. తర్వాత పాడిన పాటలో రెండు చరణాలు పాడాడు కూడా, మూడోది మర్చిపోయాడు.

పళ్ళు రాగానే బయల్దేరతానన్న మనిషి మాట తప్పింది. ఇంకా పంతొమ్మిది రోజులుంది. ఆ పంతొమ్మిది రోజులూ కాల్చిన రొట్టె అంచులు కోడలికి వినబడేలా కరకరా నమిలింది. మింగింది తక్కువే, చప్పుడే ఎక్కువ. మేస్త్రి రోజూ దుకాణం తీసే ముందు వచ్చి మంచం పక్కన కూర్చునేవాడు. ఆఖరి రోజు కూడా ఉన్నాడు. ఆవిడ చెయ్యి చల్లబడేదాకా పట్టుకునే ఉన్నాడు. భయం వేయలేదా అని తర్వాత బావమరిది అడిగితే, బాధ వేసింది, భయం వేయలేదు అన్నాడు.

పెట్టెలో పెట్టేటప్పుడు ఎవరో కట్టుడు పళ్ళు తీసేయాలా అని అడిగారు. ఉండనివ్వమన్నాడు మేస్త్రి. సమాధి దగ్గర జనం బరువుగా నిలబడ్డారు. పాస్టరుగారు గొంతు సవరించుకుని, సహోదరి సమాధిలోంచి సంతోషంతో లేచే దినం ఒకటుంది అన్నారు. వరసగా మూడు ఈలలు మోగాయి. కోడలు ఏడుస్తూ ఏడుస్తూ ఫక్కున నవ్వింది, ఆవిడ వెనక బావమరిది, ఆయన వెనక అందరూ. అత్తగారి ఏర్పాటు ఎలా పారిందో చూసి మేస్త్రి పొట్ట పట్టుకున్నాడు.

సోమవారం పొద్దున పాస్టరుగారే దుకాణానికి వచ్చారు. పోయేముందు ఆవిడ చెప్పి వెళ్ళిందట, నాకు మూడేళ్ళుగా ఈల వస్తోందట, నిజమేనా అని అడిగారు. ఆయన ఒక్కరికే తెలియదు. మేస్త్రి తల దించుకుని, అది లోపం కాదు, కసి అని ఒప్పుకున్నాడు. పాస్టరుగారు, పిల్లలు నా ప్రసంగం అంత శ్రద్ధగా ఎందుకు వింటున్నారో ఇప్పుడర్థమైంది అని నిట్టూర్చి, పళ్ళు తీసి ఇవ్వడానికి వెనకగదిలోకి నడిచారు.

అక్కడ మేస్త్రి పొద్దున్నే చేసిన పని ఆయన కంటబడింది. స్టూలు ఇంకా గోడ దగ్గరే ఉంది. పై అర ఖాళీగా, అచ్చులున్న చోట్ల తప్ప మిగతాదంతా దుమ్ముతో ఉంది. అందులో ఉన్నవాళ్ళంతా దుమ్ము దులిపించుకుని కింది అరలోకి, పని మిగిలినవాళ్ళ మధ్యకు వచ్చేశారు. అన్నిటికంటే ముందు తల్లీకూతుళ్ళ అచ్చులు పక్కపక్కనే ఉన్నాయి. పాస్టరుగారు అడుగున పేర్లు చదివి, వీళ్ళను పొరపాటున ఇక్కడ పెట్టారేమో అన్నారు.

"పొరపాటు కాదండీ. వీళ్ళ పని ఇంకా అవలేదు."

"ఎప్పటికవుతుంది?"

మేస్త్రి చేతులు కడుక్కుని, దీపం వెలిగించాడు.

"రేపు" అన్నాడు. "మీరు నోరు తెరవండి."